అడుసులోని కావలివారు

వేసవి మధ్యాహ్నమున నయాపూలు మీద నిలిచి మూసీ వంక చూచువారికి ఒక దృశ్యము కానవచ్చును. నల్లని నీరు కదలీ కదలక యుండును. దాని యడుగునుండి చిన్న చిన్న బుడగలు పైకి వచ్చి పగిలిపోవుచుండును. దారిన పోవువారు ముక్కు మూసికొని త్వరగా సాగిపోవుదురు. ఆ దుర్గంధము బుడగలోని ప్రధాన వాయువుది కాదు. దానితో కూడి వచ్చు గంధకపు వాయువుది. ప్రధాన వాయువునకు రంగు లేదు, వాసన లేదు. దాని పేరు మీథేను. ముక్కున కందనిది గనుకనే అది మన యాలోచనకును అందక పోవుచున్నది.

ఈ పుటలో మేము బుడగలను గూర్చి వ్రాయబూనుట కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. అయినను ఈ బుడగ వెనుక నగరపు మురుగు కథ కలదు, పల్లెల వరిమళ్ల కథ కలదు, రెంటికిని మించి కంటికి కానరాని యొక జీవజాతి కథ కలదు. ఆ జీవులు మన యెరుక లేకయే మనకు ఊడిగము చేయుచున్నవి. వాని పనిని మనము చెరచుచున్నాము. దేశక్షేమమును కోరువారికి ఇది దూరపు సంగతి కాదు.

1776వ సంవత్సరమున ఇటలీ దేశపు పండితుడు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, ఆ వాయువు మండునని చూపెను. మన పల్లెలలో రాత్రివేళ చిత్తడి నేలలపై కానవచ్చు మిణుకులను కొరివిదయ్యములని పెద్దలు చెప్పుచుండెడివారు. అట్టి వాయువులు మండుటయే యందుకు కారణమని పలువురు శాస్త్రజ్ఞులు తలంతురు. ఆకులు, అలములు, పెంట, మురుగు నీటియడుగున చేరి గాలి సోకక కుళ్లునపుడు, ప్రాణవాయువు అక్కరలేని యొకజాతి సూక్ష్మజీవులు వానిని తుదిదాక విడదీసి మీథేనును పుట్టించును. వరిమడి యడుగున, పశువుల కడుపులో, చెత్తగుట్టల నడుమ జరుగునది ఇదియే. పల్లెలలో పేడగ్యాసు పొయ్యి వెలుగుటయు దీనివలననే. కావున ఈ వాయువు స్వభావమున దుష్టమైనది కాదు. పొయ్యిలో మండిన మేలు చేయును. మండక ఆకాశమున కెక్కిన కీడు చేయును.

ఆ కీడు ఎంతటిదో లెక్కలు చెప్పుచున్నవి. యంత్రపరిశ్రమలు వెలయుటకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్లకు మీథేను సుమారు 0.7 పాలు మాత్రమే యుండెను. నేడు అది 1.9 పాళ్లకు మించినది. నూరేండ్ల లెక్కన చూచినచో ఒక టన్ను మీథేను సుమారు 28 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానముగ భూమిపై వేడిని నిలుపును. ఇరువదియేండ్ల లెక్కన చూచినచో ఆ సంఖ్య సుమారు 80. అయితే ఇందు ఒక యాశ కలదు. బొగ్గుపులుసు వాయువు గాలిలో వందల యేండ్లు నిలుచును; మీథేను సుమారు పది, పండ్రెండేండ్లలో నశించును. నేడు దీని పుట్టుకను తగ్గించినచో ఫలమును మన పిల్లలే గాక మనమును చూడగలము.

పుట్టిన మీథేనంతయు ఆకాశమున కెక్కినచో పరిస్థితి ఇంకను విషమించియుండెడిది. అట్లు జరుగక పోవుటకు కారణమైనవారే మేము చెప్పబోవు కావలివారు. 1906లో హాలండు దేశమందలి డెల్ఫ్టు నగరమున సోన్‌గెన్ అను శాస్త్రజ్ఞుడు మీథేనునే యాహారముగ గొని బ్రతుకు బాక్టీరియమును వేరుచేసి చూపెను. మూసీకి మహాప్రళయము వచ్చుటకు రెండేండ్లు ముందటి మాట యిది. తరువాత 1970లో విటెన్‌బరీ మొదలగువారు ఇట్టి జీవుల రకములను నూటికి పైగా వేరుపరచిరి. నేడు చెరువుల బురదలో, వరివేళ్ల చుట్టును, అడవినేలలో, చెత్తగుట్టలపై కప్పిన మట్టిలో, తుదకు నిప్పులు చెరుగు అగ్నిపర్వతప్రాంతముల యామ్లపు నేలలలోను ఇవి కలవని తేలినది. మన దేశమునను ఈ పరిశోధన సాగుచున్నది. పూనా నగరపు అఘార్కర్ పరిశోధన సంస్థవారు భారతదేశపు వరిమడినుండి దోసకాయ యాకారము గల యొక క్రొత్తజాతిని వేరుచేసి, 2018లో దానికి మిథైలోకుకుమిస్ ఒరైజే అని నామకరణము చేసిరి. మన యన్నమునిచ్చు మడియందే మన కావలివాడు దొరకెను!

వీని పనితీరు విన్నచో ఎట్టివారికైనను ఆశ్చర్యము కలుగును. మీథేను అణువు మిక్కిలి గట్టిది. ఒక కర్బన పరమాణువును నాలుగు ఉదజని పరమాణువులు నలువైపుల పట్టుకొని యుండును. కర్మాగారములలో ఆ పట్టు విడిపించుటకు వందలకొలది డిగ్రీల వేడిమి కావలెను. ఈ జీవులు చెరువునీటి చల్లదనమునందే ఆ పనిని నెరవేర్చుచున్నవి. రాగినో ఇనుమునో తన గర్భమున నిలుపుకొన్న యొక ఎంజైము వీనికి ఆయుధము. దానితో అవి ప్రాణవాయువును మీథేనులో చొప్పించి దానిని మిథైలు ఆల్కహాలుగ మార్చును. అది ఫార్మాల్డిహైడుగను, పిమ్మట ఫార్మికామ్లముగను, తుదకు బొగ్గుపులుసు వాయువుగను మారును. ఈ మెట్లలో పుట్టు శక్తితో అవి బ్రతుకును; నడిమి మెట్టున కొంత కర్బనమును తీసికొని తమ శరీరములను నిర్మించుకొనును.

ఆ శరీరములు వ్యర్థము కావు. వానిని ఏకకణజంతువులును, నీటియడుగున పెరుగు చిన్న పురుగులును తినును. కుట్టని దోమజాతికి చెందిన కొన్ని పురుగులు సరస్సుల బురదలో పెరుగునపుడు వాని శరీరమందలి కర్బనములో కొంత ఈ త్రోవనే వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఆ పురుగులను చేపలు తినును. చచ్చిన యాకు వాయువైనది, వాయువు సూక్ష్మజీవియైనది, సూక్ష్మజీవి పురుగై, పురుగు చేపయైనది. పోయినదనుకొన్న కర్బనము మరల జీవుల లెక్కలోనికి వచ్చినది. లోకమందలి కర్బనచక్రము ఇట్లు తిరుగుచున్నది. దీనిలో ఏ యొక్క ఆకును విరుగగొట్టినను చక్రమంతయు కుంటుపడును.

మన తెలంగాణపు పల్లెలలో చెరువు తూముకడ నీరటికాడు ఉండెడివాడు. నీటిని పుట్టించువాడు అతడు కాడు. పొలము దున్నువాడును కాడు. అయినను అతడు తూముకడ లేనినాడు చెరువు ఎంత నిండినను ఆయకట్టు చెడును. ఈ బాక్టీరియములు మీథేను తూముకడ నిలిచిన నీరటికాండ్రు. వాని నివాసమేదియనగా, గాలి సోకని యడుసును గాలి సోకిన నీరును కలిసికొను మిక్కిలి సన్నని పొర. క్రిందినుండి మీథేను రావలెను. పైనుండి ప్రాణవాయువు రావలెను. ఈ రెంటిలో ఏది లేకున్నను వానికి బ్రతుకు లేదు. పాఠకులు ఈ యొక్క మాటను మనసున నిలుపుకొన్నచో ఈ వ్యాసమంతయు గ్రహించినట్లే. పొర నిలిచిన కావలి నిలుచును. పొర చెడిన కావలి చెడును.

సముద్రగర్భమున మరియొక విధమగు కావలి కలదు. అచట ప్రాణవాయువు లేకున్నను, సముద్రజలమందలి గంధకలవణముల యాధారముతో రెండు జాతుల జీవులు జోడెడ్లవలె కలిసి మీథేనును హరించుచున్నవని 2000 సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞురాలు అంట్యే బొయిటియసు మొదలగువారు చూపిరి. సముద్రపు టడుగున పుట్టు మీథేనులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీటిలోనికి రాకమునుపే ఇట్లు హరించిపోవుచున్నదని లెక్క. ఇది మనకు సంబంధించని పరదేశపు ముచ్చట కాదు. 2006లో భారత జాతీయ గ్యాసు హైడ్రేటు కార్యక్రమపు తొలి యాత్రలో కృష్ణాగోదావరుల సముద్రప్రాంతమున, అడుగు మట్టిలో మంచుగడ్డవలె గట్టిపడిన మీథేను నిక్షేపము బయల్పడినది. మన నగరమందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అట్టి నిక్షేపముల జాడ తీయుటలో పాల్గొనుచున్నారు. ఆ నిధిని పైకి తీయుదమను యోచన చేయువారు, దానిపై కావలియున్న జీవుల సంగతియు యోచింపవలెను. ఏలయన అవి మిక్కిలి మందముగ పెరుగునవి. ఒకటి రెండగుటకు నెలలు పట్టును. ఒకమారు చెదరగొట్టిన కావలి తెల్లవారునప్పటికి మరల చేరదు.

ఇక మన వరిమళ్ల సంగతి. ఈ విషయమున ఒక చరిత్ర కలదు. దానిని మన కర్షకులు తెలిసికొనదగును. 1990 ప్రాంతమున అమెరికా పర్యావరణ రక్షణ సంస్థవారి లెక్కలలో భారతదేశపు వరిమళ్లు ఏడాదికి సుమారు 37 మిలియను టన్నుల మీథేనును విడుచుచున్నవని చెప్పబడెను. మన మడిలో దిగి ఎవరు కొలిచిరి? ఎవరును కొలువలేదు. పరదేశపు మళ్లలో కొలిచిన సంఖ్యలను మన యెకరములతో హెచ్చవేసిరి! అప్పుడు జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన డాక్టరు ఎ. పి. మిత్ర మొదలగువారు 1991లో దేశమందలి పలుచోట్ల మళ్లలో పెట్టెలు బోర్లించి స్వయముగ కొలిపించిరి. తేలిన సంఖ్య సుమారు 4 మిలియను టన్నులు. తొమ్మిదింతలు హెచ్చుగ మోపిన నింద అంతటితో తొలగెను. అదే 1991లో అనిల్ అగర్వాలు, సునీతా నారాయణులు ఒక గ్రంథము వెలువరించి, బీదవాని యన్నపుమడి పొగను ధనికుని మోటారుబండి పొగను ఒక్క తక్కెడలో తూచుట న్యాయముకాదని లోకమునకు చాటిరి.

ఆ తేడా ఎందువలన వచ్చినదో గమనింపుడు. మన వరి చాలభాగము వానకు పండునది. మడి ఒకప్పుడు నిండును, ఒకప్పుడు ఆరును. ఆరినపుడు నేలలోనికి గాలి దిగును. గాలి దిగినపుడు మీథేనును పుట్టించువారి పని ఆగును. దానిని తినువారి పని సాగును. నిండిన మడిలోసైతము వరిమొక్క తన కాడలోని గాలిగొట్టముల ద్వారా వేళ్లకు ప్రాణవాయువును పంపును. వేళ్లచుట్టును మన కావలివారు గుమిగూడి యుందురు. అయితే ఆ గొట్టములే మీథేనుకు రాజమార్గములు. మడినుండి బయటికి పోవు మీథేనులో నూటికి తొంబదిపాళ్లవరకు మొక్కద్వారానే పోవునని చెప్పుదురు. వేరుకడ జరుగు ఈ పోరులో ఎవరిది పైచేయి యగునో నిర్ణయించునది నీటి యాజమాన్యము. అనగా మడి యజమాని.

కావున నింద తొలగినదని మనము నిద్రింపరాదు. తెలంగాణమున 2014 తరువాత వరివిస్తీర్ణము మిక్కిలి పెరిగినది. 2018 జనవరి 1వ తేదినుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఈయబడినది. బోరుబావి మోటారు ఆగదు, మడి ఆరదు. వానకు నిండి ఆరు మడి వేరు, ఎల్లకాలము నిండియుండు మడి వేరు. నాడు మనలను నిర్దోషులుగ నిలిపిన ఆ యారుదలను మనమే తుడిచివేసికొనుచున్నాము. ఆరుతడి పద్ధతియని పెద్దలెరిగినదానినే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఒక కొలతకు తెచ్చిరి. బెజ్జములుగల గొట్టమును మడిలో పాతవలెను. దానిలో నీరు నేలమట్టమునకు పదునైదు సెంటీమీటర్లు క్రిందికి దిగినపుడు మరల పెట్టవలెను. పూతసమయమున మాత్రము నీరు నిలుపవలెను. ఇట్లు చేసినచో నీరు ఆదాయగును. మీథేను నూటికి ముప్పదినుండి యేబదిపాళ్లవరకు తగ్గును. తడిపి ఆరబెట్టుట ప్రధానముగాగల శ్రీవరి పద్ధతిని ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 2003లోనే మన జిల్లాలలో ప్రవేశపెట్టిరి. మన పురమునకు కూతవేటు దూరమున రాజేంద్రనగరున భారత వరి పరిశోధన సంస్థ యుండగా, ఈ మాటను చెప్పుటకు పరదేశపువారు రానవసరము లేదు.

యూరియా విషయమునను ఒక హెచ్చరిక అవసరము. అమ్మోనియా అణువు పరిమాణమున మీథేనును పోలియుండుటవలన, అది అధికమైనచోట ఈ జీవుల ఎంజైము దానిని పట్టుకొని మోసపోవును. మితముగ వేసిన నత్రజని వానికిని పోషకమే యని కొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి. చేటు మితిమీరుటలో నున్నది. పైగా ఆరుచు తడియుచునుండు నేలలో మిగిలిన యూరియా మరియొక వేడిమివాయువుగ మారిపోవును. కావున నీటిని తగ్గించు రైతు ఎరువునుగూడ కొలిచి వేయవలెను.

పల్లెను గూర్చి చెప్పితిమి. ఇక పట్టణమువారు తప్పించుకొనజాలరు. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీ పొంగి ఈ నగరమున వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పిలువబడి వచ్చి, వరదను అడ్డుటకు జలాశయములను, నగరమునకు భూగర్భపు మురుగుకాలువలను యోజించిరి. 1920లో ఉస్మానుసాగరు, 1927లో హిమాయతుసాగరు వెలసినవి. 1931లో ఏర్పడిన మురుగుకాలువలు ఐదులక్షలకు లోపైన జనసంఖ్యకు ఉద్దేశింపబడినవి. నేడు నగరజనసంఖ్య కోటికి చేరువయైనది. పాతబస్తీ గల్లీలలో నాటి గొట్టముల లెక్క మారలేదనుకొన్నను తప్పులేనంతటి యవస్థ కలదు. 2021 నాటికి నగరమందలి శుద్ధికేంద్రముల శక్తి దినమునకు 772 మిలియను లీటర్లు. అది నగరపు మురుగులో సగమునకైన చాలలేదు. ఆ యేడు 3,866 కోట్ల రూపాయల వ్యయముతో 31 క్రొత్త కేంద్రములు మంజూరు చేయబడినవి. వానిలో పలుకేంద్రములు పనిచేయ నారంభించినవి. ఇది హర్షింపదగిన విషయము. కాని కేంద్రము కట్టుట వేరు, ప్రతి గల్లీ మురుగును ఆ కేంద్రముదాక చేర్చుట వేరు. నడుమనున్న నాలా తెగినచో కేంద్రము ఎండును, నది మురుగును.

శుద్ధిలేని మురుగు నదిలోనికి వచ్చినపుడు జరుగునదేమి? దానిని కుళ్లబెట్టు జీవులు నీటిలోని ప్రాణవాయువునంతయు క్షణములో త్రాగివేయును. అప్పుడు మేము ముందు చెప్పిన సన్నని పొర మాయమగును. క్రింద మీథేను పుట్టించువారు కోట్లకొలది. పైన తినువారికి ఊపిరి లేదు. బుడగలు అడ్డులేక పైకి వచ్చును. మూసీ నీరు నల్లబడుట, బుడగలు వచ్చుట, చేపలు లేకుండుట మూడు వేర్వేరు రోగములు కావు. ఒకే రోగపు మూడు లక్షణములు.

మీరాలం చెరువుకడకు పొండు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో దివాను మీరాలం కాలమున ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన ఆ కట్ట నేటికిని చెక్కుచెదరలేదు. కట్టినవారు కట్టను కట్టిరి. మనము దానిలో మురుగును నింపితిమి. మురుగును త్రాగి గుర్రపుడెక్క నీటిని కప్పివేసినది. ఆ యాకుల చాటున నీటికి గాలియు వెలుతురును కరవగును. చచ్చిన యాకు అడుగుచేరి మరల మీథేనగును. యంత్రములతో ఏటేట గుర్రపుడెక్కను తీయుట, మరుసటియేడు అది మరల పెరుగుట, చిల్లికుండలో నీరు పోయుటవంటిది. చిల్లి పూడ్చవలసినచోటు మురుగు వచ్చు నాలా.

నదిని బాగుచేయుదుమని 2024లో మూసీ గర్భమునందలి ఇండ్లకు గుర్తులు వేసిరి. చాదర్‌ఘాటు ప్రాంతమున కొన్నింటిని తొలగించిరి. వరదభయము గలచోట మనుష్యులు నివసింపరాదనుట నిజము; 1908ని మరచుట తెలివి కాదు. కాని మూసీని నల్లబరచిన మురుగు ఆ గుడిసెలలోనిది మాత్రమే కాదు. దానిలో చాలభాగము మిద్దెలనుండి, మేడలనుండి, నగరపు నలుమూలలనుండి నాలాల ద్వారా వచ్చినది. గుడిసె తీసివేసి నాలాను అట్లే విడిచినచో నదికి కలుగు మేలేమి? తొలగింపవలసివచ్చినవారికి ముందుగ నీడను, జీవనమును చూపవలెను. అంతకన్న ముందుగ నాలాను కట్టవలెను. ఈ వరుస తప్పినచో అది నదీసంస్కరణము కాదు, బీదవాని నెత్తిన పెట్టిన ధనికుని పాపము.

ఇంతకన్న ఘోరమైన సంగతి ఒకటి కలదు. గాలిలేని మురుగుగొట్టములలో నిలిచిన వాయువులు మనుష్యులను చంపుచున్నవి. మీథేను గాలిని తరిమివేసి ఊపిరాడనీయదు. దానితోకూడిన గంధకవాయువు కొద్దిపాటిదైనను ప్రాణము తీయును. ఈ నగరమున మ్యాన్‌హోలులో దిగి మరల పైకి రాని కార్మికులు కలరు. 2013లో పార్లమెంటు చట్టముచేసి, తగిన రక్షణలు లేక మనుష్యుని మురుగులో దింపుట నేరమనెను. 2023 అక్టోబరు 20వ తేదిన సుప్రీముకోర్టు అట్లు చనిపోయినవారి కుటుంబములకు ముప్పది లక్షల రూపాయలకు తక్కువకాకుండ ఈయవలెనని తీర్పుచెప్పెను. నష్టపరిహారము న్యాయమే, కాని పరిహారముతో ఇంటికి తండ్రి రాడు. చెరువు బురదలో కావలియుండు సూక్ష్మజీవి ఆ వాయువును తిని బ్రతుకును. మనుష్యుడు తినలేడు. ఆ భేదము తెలిసినదేశమున, యంత్రము చేయగలపనికి మనుష్యుని దింపరాదు.

ఇచట కొందరు రెండు ప్రశ్నలు వేయవచ్చును. ఈ జీవులును తుదకు బొగ్గుపులుసు వాయువునే గదా విడుచునది, లాభమేమి యని మొదటిది. ఒక టన్ను మీథేను పూర్తిగ మారినను 2.75 టన్నుల బొగ్గుపులుసు వాయువగును. మారక ఎగిరిపోయిన ఒక టన్ను 28 టన్నులకు సమానమని ముందు చెప్పితిమి. పదియింతల యప్పు ఒకింతయప్పుగ తీరుచుండగా లాభమేమియని వడ్డీలెక్క తెలిసినవారు అడుగరు. పైగా వరిమడి మీథేనులోని కర్బనము నిన్నమొన్న మొక్క గాలినుండి తీసికొన్నదే. అది మరల గాలికి చేరుట క్రొత్త యప్పుకాదు.

ఇట్టి జీవులను సీసాలలో పెంచి చల్లినచో సరిపోవునుగదా యని రెండవ ప్రశ్న. సీసాలు పట్టుకొని వచ్చువారు రేపు మన యంగళ్లలోను కానవచ్చును. మా సలహా ఏమనగా, ఆ జీవులు మన బురదలో లేకపోవుటవలన కాదు ఈ యాపద వచ్చినది. వానికి ఊపిరి లేకపోవుటవలన వచ్చినది. ఊపిరి లేనిచోట కోటి చల్లినను కోటియు చచ్చును. ఊపిరి ఉన్నచోట చల్లకయే పెరుగును. వ్యాపారముకన్న ముందు వివేకము కావలెను.

2021లో గ్లాస్గో మహాసభలో పలుదేశములు కూడి 2030 నాటికి మీథేనును నూటికి ముప్పదిపాళ్లు తగ్గింతుమని ప్రతిజ్ఞచేసినవి. భారతదేశము అందులో చేరలేదు. మన పశువులును, మళ్లును బీదరైతు జీవనాధారములు. వానిపై పరుల కట్టడి మనకు సమ్మతముకాదని మన ప్రభుత్వపు వాదము. ఆ వాదము సబబైనదేయని మేమును తలంచుచున్నాము. కాని పరులకు సంతకము పెట్టకుండుట వేరు, మన యిల్లు మనము ఊడ్చుకొనకుండుట వేరు. స్వపరిపాలన యనగా పరులు చెప్పకమునుపే మన పని మనము చేసికొనుట. మురుగుకాలువ కట్టుటకు గ్లాస్గో యనుమతి అవసరములేదు.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. రైతు తన మడిలో ఒక గొట్టము పాతి, మోటారును తీరికగ నడిపించి, యూరియాను కొలిచి వేయవలెను. ఉచితవిద్యుత్తును అనుభవించు పెద్ద కమతముల యజమానులు ఇందు ముందు నడువవలెను. చిన్నరైతు వారిని చూచి నడుచును. నగరపాలకులు నాలాలను శుద్ధికేంద్రములకు కలుపవలెను. కేంద్రములలో పుట్టు మీథేనును గాలికి విడువక మండించి పనిగొనవలెను. చెత్తగుట్టలను కప్పునపుడు జీవముగల ఎరువుమట్టి పొరను పైన పరచవలెను. ఆ మట్టిలో మన కావలివారు ఉచితముగ కాపురముందురు. వంటయింటి తడిచెత్తను పొడిచెత్తతో కలుపక వేరుచేయుట ప్రతి గృహిణికిని, గృహస్థునకును చేతనగు పని. చెరువు శిఖములను ఆక్రమించి మట్టితో పూడ్చువారిని ప్రభుత్వము ఉపేక్షింపరాదు; పూడ్చినవాడు ధనికుడైనచో అసలే ఉపేక్షింపరాదు.

మన పూర్వులు చెరువును త్రవ్వించుట సప్తసంతానములలో నొకటిగ నెంచిరి. వారికి ఈ బాక్టీరియముల పేరు తెలియదు. కాని నీటికి గాలి తగులవలెనని, చెరువులో పూడిక తీయవలెనని, తూముకడ ఒక మనుష్యుడు ఉండవలెనని వారికి తెలియును. మనకు ఆ పేర్లన్నియు తెలిసినవి. పని మాత్రము మరచితిమి. నయాపూలు మీద నిలిచి ముక్కు మూసికొను పురజనులను మేము కోరునది యొక్కటే. ఈ మారు ముక్కు మూసికొని సాగిపోకుడు. ఒక నిమిషము నిలిచి ఆ బుడగలను చూడుడు. ఆ యడుసులో ఊపిరాడక కొట్టుకొనుచున్న కావలివాడు మనవాడు. వానికి ఒక గ్రుక్కెడు గాలి చేర్చుట మన ధర్మము.